గ్రైండరు ఆగాక

పక్కింట్లో మస్తాన్‌బీ గ్రైండరు ఆపితేగాని
నాకు బంగాళాఖాతం వినపడదు.

గుంటూరు, కొరిటెపాడు, మూడో అంతస్తు.
నీళ్ళ ట్యాంకు కాలికి ఒక కొస,
మెట్ల గది మేకుకి ఇంకో కొస
కట్టిన ఇరవై మీటర్ల రాగి తీగ.
బట్టలారేసుకునేది కాదని
ఓనరుగారికి ఏడాదిగా చెబుతూనే ఉన్నాను.
ఆయన లుంగీ వేలాడిన రోజు
నా సిగ్నలు రెండు గీతలు తగ్గుతుంది.

పగలు మిర్చియార్డులో కాటా దగ్గర చీటీలు రాస్తాను.
తేజ ఎన్ని టిక్కీలు, తేమ ఎంత, తరుగు ఎంత.
రాత్రి పదింటికి చేతులు మూడుసార్లు కడుక్కుని
(అయినా కళ్ళు తుడుచుకోకూడదు)
రేడియో ముందు కూచుంటాను.

అక్కడ, పుదుచ్చేరికీ పోర్ట్‌బ్లెయిర్‌కీ నడుమ,
ముప్ఫై అడుగుల పడవలో సెల్వి ఒక్కతే.
చూడలేదు. గొంతు కూడా వినలేదు.
మాట్లాడుకునేవి రెండు మోడెములు,
కీచురాళ్ళు పెళ్ళి బేరం ఆడుతున్నట్టు:
అందిందా? అందలేదు. మళ్ళీ.
అందిందా? సగం. ఆ మిగతా సగం మళ్ళీ.
రెండు పేరాల ఉత్తరానికి పదకొండు నిమిషాలు.
పడవ పేరు తుంబి.
అంటే తూనీగ అని మూడో ఉత్తరంలో రాసింది.

నేను పంపేది గాలి పటం.
ఎగరేసేది కాదు.
గళ్ళ గళ్ళ సముద్రం, గడికొక బాణం,
బాణం తోకకి ఈకలు, ఈకకి పది నాట్లు.
నాట్లంటే నాకు మోకాలిలోతు బురద, వరి.
ఆమెకి, తెరచాప ఎంత చుట్టాలో ఆ లెక్క.
బదులుగా తన భారమితి చూసి ఒక అంకె పంపుతుంది.
చీటీల పుస్తకం వెనక అట్ట మీద రాసుకుంటాను:
1008. 1007. 1007.

1004.

ఆ రాత్రే కరెంటు పోయింది.
స్కూటీ బ్యాటరీ విప్పి మూడంతస్తులు మోశాను.
పటంలో బాణాలన్నీ ఒకే చోటు చుట్టూ,
కళ్ళంలో ఎడ్లు తిరిగినట్టు.
ఇంకా పేరు పెట్టని వాయుగుండం.
ఫైలు చూస్తే చిటికెడు. పోదే.
అందిందా? అందలేదు. మళ్ళీ. అందలేదు.
కరెంటు లేకపోయినా మస్తాన్‌బీకి ఇన్వర్టరుంది,
పొద్దుటి బండికి పిండి రుబ్బుతోంది.
తలుపు కొట్టాను.
"పావుగంట ఆపు చాచీ."
"ఎవరికోసం?"
"పడవలో ఒకమ్మాయి. తుఫానొస్తోంది."
"ఒక్కతేనా?"
స్విచ్ తీసేసింది. పిండి చేతుల్తో నా గుమ్మంలోకొచ్చి
కీచురాళ్ళ మాటలు చివరిదాకా విన్నది.
అందిందా?
అందింది.

యార్డులోనూ చెప్పాను,
రేపు సాయంత్రానికి పట్టాలు కప్పించండి అని.
వీరరాఘవులుగారు ఆకాశం చూశారు, నన్ను చూశారు.
"నలభై నాలుగు డిగ్రీల ఎండమ్మా ఇది."
నలభై టిక్కీలు తడిశాయి.
ఎర్రనీళ్ళు గేటు దాకా పారాయి.
ఆ తరుగు చీటీ రాసిందీ నేనే.

రెండు రాత్రులు ఒట్టి హోరు.
మధ్య మధ్య ఎక్కడివో పిడుగులు,
తిరగమోతలో ఆవాలు చిట్లినట్టు.
అట్ట మీద 1004 కింద
ఖాళీ.

మూడో రాత్రి నాలుగు వాక్యాలు, పంతొమ్మిది నిమిషాలు:
"998 దాకా పడింది, ఇప్పుడు 1003.
పెద్ద చాప చిరిగింది, కుట్టుకుంటున్నాను.
నువ్వు చెప్పిన గాలి ఆరు గంటలు ముందే వచ్చేసింది,
అప్పటికే అన్నీ కట్టేసి ఉన్నాను.
మీకూ వాన పడిందా?"

మస్తాన్‌బీకి తెలుగులో చదివి వినిపించాను.
అంతా విని,
"తిన్నదో లేదో రాయలేదే" అంది.

అదే అడిగాను.
జవాబు మొదలైంది: "అటుకులు, కాస్త నిమ్మ"
అక్కడ తెగింది.

మర్నాడు పదింటికి నేనింకా మెట్లెక్కుతున్నాను,
తాళంచెవి చేతిలోనే ఉంది,
పక్కింట్లో గ్రైండరు
ఆగిపోయింది.